కుప్పలో దొరికిన ఉన్ని కోటు

ఒకరు తొడిగి విడిచిన బట్టను వెంకటేశం ఎన్నడూ కొన్నవాడు కాదు. గద్వాలలో చీరలు నేసే ఇంట్లో పుట్టాడు. అన్న అంగీ పొట్టిదైతే తమ్ముడు తొడుక్కోవడం ఆ ఇంట్లోనూ ఉండేది గాని, అది ఇంటి బట్ట. ఊరూ పేరూ తెలియని మనిషి చెమట తాగిన గుడ్డను పైసలు పెట్టి తెచ్చుకోవడమంటే ఆయనకు వెగటు. "మనం నేసేటోళ్ళం. మనకు పాతబట్టలేంది?" అనేవాడు.

అందుకే ఆ చలికాలం ఆదివారం పూట, వనపర్తిలో కూతురు దీపిక పాతబట్టల దుకాణం ముందు ఆగేసరికి ఆయన కాళ్ళు గడప బయటే నిలిచిపోయాయి. దీపిక అక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. చలి ముదిరిందని ఫోన్లో చెప్తే, ఒక దుప్పటీ, తల్లి చేసిన సజ్జరొట్టెలూ పట్టుకొని పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. స్వెటర్ కూడా కొనిచ్చి పోదామనుకున్నాడు.

"గీడ మంచియి దొరుకుతయి నాయినా. మా హాస్టల్ల అందరం గీడనే తీసుకుంటం," అంది దీపిక.

"కొత్తది కొనిస్త, నడువు."

"కొత్తయి చూసిన. నాలుగు ఉతుకులకు పేలికలైతున్నయి. నువ్వే అంటవు గద, బట్టను చూసి కొనాలె, దుకాణాన్ని చూసి కాదని."

తన మాటే తనకు ఎదురొచ్చేసరికి వెంకటేశం చెప్పులు విప్పి లోపలికి నడిచాడు.

దుకాణమంటే ఒక్క గది. గోడల వెంట తీగెలకు చొక్కాలు వేలాడుతున్నాయి, నడుమ టార్పాలిన్ పరిచి స్వెటర్లూ కోట్లూ కుప్ప పోసి ఉన్నాయి. దుకాణదారు జోసెఫ్ నెరిసిన గడ్డపాయన, నిమ్మళమైన మనిషి. "రాండ్రి అన్నా. అన్నీ ఉతికించి పెడత. మూటలు హైదరాబాద్ నుంచి వస్తయి, ఆడికి ఓడల మీద ఎక్కడెక్కడినుంచో వస్తయి," అన్నాడు.

దీపిక మోకాళ్ళ మీద కూర్చొని కుప్పను తిరగేయసాగింది. వెంకటేశం చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. ఏదీ తగలకుండా నిలబడదామనే ఆయన ఆలోచన. కానీ దీపిక అడుగునుంచి ఒక స్వెటర్ లాగేసరికి కుప్ప జారింది. పైనున్న బరువైన కోటు ఒకటి దొర్లి నేల మీద పడబోయింది. బట్ట నేలన పడుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన చేతులకు రాదు. అవే ముందుకు పోయి పట్టుకున్నాయి.

పట్టుకున్నాక వదలలేదు.

అది మగవాళ్ళ ఉన్ని కోటు. దూరం నుంచి బూడిద రంగు. మోచేతుల దగ్గర కొంచెం అరిగింది, ఒక గుండీ లేదు. అయినా చేతిలో ఎంత నిండుగా ఉందంటే, బతికున్న మేకపిల్లను ఎత్తుకున్నట్టనిపించింది. బొటనవేలితో రుద్ది చూశాడు. గరుకు. ఆ గరుకు కింద ఎక్కడో మెత్తదనం. పిడికిట్లో నలిపి వదిలాడు. మడత పడలేదు, మెల్లగా విచ్చుకొని మళ్ళీ తన తీరుకు తాను వచ్చింది.

"అది ఎవలు కొంటలేరన్నా. మన ఎండలకు గంత మందంది ఎవలేసుకుంటరు? పోయిన చలికాలం నుంచి గట్లనే పడున్నది," అన్నాడు జోసెఫ్.

వెంకటేశం వినలేదు. కోటును వాకిట్లోకి, వెలుతురులోకి తీసుకుపోయాడు. లోపలి అస్తరు కింది అంచు దగ్గర చినిగి ఉంది. ఆ చినుగులో వేలు పెట్టి ఉన్ని బట్టను బయటికి మలిపాడు. కుట్టినవాడు అక్కడ బట్ట అంచును కత్తిరించకుండా అట్లాగే వదిలేశాడు. వెంకటేశం ఆ అంచును కంటి దగ్గరికి తెచ్చుకొని చూశాడు. ఒకసారి చూసి, కోటు దించి, వీధి దిక్కు చూసి, మళ్ళీ చూశాడు.

అడ్డంగా పోయే పేక పోగు అంచు దాకా వచ్చి, అక్కడ వంపు తిరిగి, వెనక్కి పోతోంది. మళ్ళీ వచ్చి మళ్ళీ పోతోంది. పేకను మోసే నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోయిన దారి అది. ఒకచోట ఆ వంపు బిగుతుగా ఉంది, ఇంకోచోట వెంట్రుకవాసి వదులు. ఆ వదులు తర్వాత నాలుగైదు వరుసలకు పోగును బిగించే దెబ్బ కొంచెం గట్టిగా పడింది. మగ్గం మీద నుంచి లేచి వెళ్ళి, వచ్చి కూర్చున్నప్పుడు ఎవరి చేతికైనా అట్లాగే పడుతుంది.

"దీపికా, గిట్ల రా," అన్నాడు.

దీపిక పరుగున వచ్చింది. "ఏమైంది నాయినా?"

"గీడనే లేసి పోయిండు చూడు. నీళ్ళు తాగనీకె పోయిండో, ఎవలన్న పిలిస్తే పోయిండో. మళ్ళొచ్చి కూసున్నడు."

"ఎవలు?"

"నేసినాయన. గిది చేతి మగ్గం బట్ట బిడ్డా."

ఇంకాస్త లోపలికి మలిపితే ముడి కనబడింది. నిలువునా ఉండే పడుగు పోగు తెగితే కలిపిన ముడి. ఆవగింజలో సగం కూడా లేదు. వెంకటేశం గోటి చివరతో దాన్ని తడిమాడు. పోగు మీద పోగు వేసి, చుట్టి, లోపలికి దోపి లాగే ముడి. ఆయనకు తండ్రి నేర్పిన ముడి, తండ్రికి తాత నేర్పిన ముడి. గద్వాలలో పుట్టిన ముడేనని ఆయన ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాడు.

దీపిక లోపలి జేబు పైన కుట్టిన గుడ్డ పట్టీని చూసింది. అక్షరాలు సగం చెరిగిపోయాయి. "చేతితో నేసిందని రాసున్నది. నువ్వు చెప్పిందే," అంది. కింద ఏదో దీవి పేరు మిగిలి ఉంటే ఫోన్లో వెతికి బొమ్మలు చూపించింది. చుట్టూ సముద్రం. చెట్టన్నది లేని గుట్టలు, రాళ్ళు, గాలికి ఒకవైపు ఒరిగిన గడ్డి, గొర్రెలు. ఒంటరిగా ఒక తెల్లటి ఇల్లు.

"గీ ఇండ్లల్లనే నేస్తరట నాయినా."

"ఇండ్లల్లనేనా?"

"ఇండ్లల్లనేనట."

వెంకటేశం ఆ తెల్లటి ఇంటిని చాలాసేపు చూశాడు. ఆ ఇంట్లోనూ ఒక మగ్గం ఉంటుంది. కిటికీ పక్కన ఎవరో పోగును కండెలకు చుడుతుంటారు. పొయ్యి మీద ఏదో ఉడుకుతుంటుంది. ఆ మనిషి నేసిన బట్ట కోటై, ఎవరి ఒంటి మీదనో ఏళ్ళకేళ్ళు చలి కాచి, ఓడెక్కి, లారీ ఎక్కి, వనపర్తి కుప్పలో పడి తన చేతిలోకి వచ్చింది.

దీపికకు ముదురాకుపచ్చ స్వెటర్ దొరికింది. వెంకటేశం దాన్ని కూడా తిప్పి చూసి, "మంచిగున్నది, తీసుకో," అన్నాడు. రెండింటికీ జోసెఫ్ అడిగింది బేరం లేకుండా ఇచ్చి, కోటును సంచిలో పెట్టనీయక చేతి మీదే వేసుకున్నాడు. గద్వాలకు తిరిగిపోయే బస్సు కృష్ణ దాటుతున్నప్పుడు కూడా అది ఆయన ఒడిలోనే ఉంది.

ఇంట్లో భార్య భాగ్యలక్ష్మి కోటును చూసి చేతిలోని చేట కింద పెట్టింది. "ఎవలిదయ్యా గిది?"

"తెల్వదు."

"తెల్వందే తెచ్చినవా? నువ్వా?"

ఆయన చినుగు విప్పి అంచు చూపించాడు, ముడి చూపించాడు. భాగ్యలక్ష్మి ముందు ఆ ముడినీ తర్వాత మొగుని మొహాన్నీ చూసింది. ఆ ఇంట్లో రంగులద్దేదీ కండెలు చుట్టేదీ ఆమే. చినుగులోంచి వేలాడుతున్న ఒక పోగును మెల్లగా లాగి, వాకిట్లో ఎండకు పట్టి, పురి విప్పింది. విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది.

"గిది బూడిద రంగు కాదయ్యా."

వెంకటేశం వంగి చూశాడు. విచ్చుకున్న ఆ ఒక్క పోగులో నీలం ఉంది, తుప్పు ఎరుపు ఉంది, పసుపు ఉంది, నాచు రంగు ఆకుపచ్చ ఉంది. అన్నీ వెంట్రుకల్లా పెనవేసుకొని ఉన్నాయి. ఆమె మళ్ళీ పురి పెట్టింది. రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి దాక్కొని బూడిద రంగు అయిపోయాయి.

"గిదెట్ల చేసిండ్రు?" అన్నాడు.

ఆమె పోగును మళ్ళీ వేళ్ళ నడుమ తిప్పి చూసింది. తర్వాత, "నూలు వడికినంక అద్దితే పోగంత ఒక్కటే రంగొస్తది. వీళ్ళు వడకకముందే ఉన్నికి రంగులేసిండ్రు. వేరువేరుగ వేసి, అన్ని కలిపి వడికిండ్రు," అంది. "మా తల్లిగారూరు మానవపాడు దిక్కు గొర్లు కాసే కురుమోళ్ళ అవ్వలు గొంగళ్ళకు నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని కలిపి వడుకుతుండిరి. గట్లనే. కానీ ఇన్ని రంగులా..." కోటును ముక్కు దగ్గర పెట్టుకుంది. "వాసన గూడ గొంగడిదే."

ఆ రోజు నుంచి ఆ ఇద్దరికీ ఆ కోటే లోకమైంది. నేత తీరు వెంకటేశానికి చిక్కలేదు. చీర నడిమి బట్టలో పోగు ఒకటి పైన, ఒకటి కింద. ఇందులో రెండు పైన, రెండు కింద, పైవరుసకు పోతే ఒక్క పోగు పక్కకు జరుగుతోంది. అట్లా జరిగి జరిగి ఏటవాలు గీత పడుతోంది. ఆ గీత కొంతదూరం పోయి వెనక్కి తిరుగుతోంది. కోటంతా వేపరెమ్మలు నిలబెట్టినట్టు, గీతలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి.

మగ్గం మీది చీర కోసి దించాక, అంచు పోగుల జోలికి పోకుండా, మిగిలిన తెల్లని పడుగు మీద నేసి చూద్దామనుకున్నాడు. పడుగును ఎత్తి దించే దారపు కళ్ళను ఇంకో జత కట్టాడు, మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంటలో తొక్కుడు పలకలు ఇంకో రెండు బిగించాడు. ఇరుగుపొరుగు వచ్చి, "ఏంది వెంకటేశం, కొత్త డిజైనా?" అని అడిగితే, "చూస్తున్న," అనేవాడు.

మొదట నేసింది తప్పింది. ఏటవాలు వచ్చింది గాని ఒకవైపే పోయింది, తిరగలేదు. పలకలను వెనక ముందు తొక్కి చూశాడు. తిరిగింది గాని అడ్డంగా తిరిగింది. కోటు మీద నిలువునా తిరుగుతోంది. విప్పాడు, మళ్ళీ నేశాడు, మళ్ళీ విప్పాడు. అన్నం పెట్టానంటే వస్తున్నాననేవాడు, రాకపోయేవాడు.

భాగ్యలక్ష్మి కోటును ఒడిలో వేసుకొని గుంట అంచున కూర్చుంది. వేలితో ఒక గీతను పట్టుకొని పైకి పోయింది, కిందికి వచ్చింది, పక్క గీతకు దాటింది. "నువ్వు నేసేటప్పుడు మలుపుతున్నవు. వాళ్ళు నేసేటప్పుడు మలపలేదయ్యా. పడుగు ఎక్కించేటప్పుడే మలిపి పెట్టిండ్రు. కళ్ళల్ల పోగులు ఒక వరుసల తోసుకుంట పోయి, ఆడికెళ్ళి వరుస ఎనక్కి తిప్పి తోసిండ్రు. నేసేటోడు తిన్నగ తొక్కుడే."

వెంకటేశం ఆమె వేలినే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పోగులన్నీ ఊడదీశాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని ఒక్కో పోగు అందిస్తూ, అందుకుంటూ, కొత్త వరుసలో మళ్ళీ ఎక్కించారు.

మరునాడు ఎండెక్కాక ఆయన గుంటలో దిగాడు. పలకలు వరుసగా తొక్కుతూ పోయాడు. జానెడు నేసి ఆపాడు. బట్ట మీద ఏమీ కనబడలేదు. తెల్లని పడుగు, తెల్లని పేక. ఉత్త తెల్లగుడ్డ. మళ్ళీ తప్పిందనుకొని చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు.

"జర తలుపు తెరువు," అన్నాడు చివరికి, గాలి కోసం.

భాగ్యలక్ష్మి వీధి తలుపు బార్లా తెరిచింది. ఎండ నేల మీదుగా వచ్చి మగ్గం పక్కనుంచి బట్ట మీద వాలింది. తెల్లని బట్టలోంచి గీతలు లేచాయి. నీడ ఒకటి, వెలుగు ఒకటి. ఎక్కుతూ, తిరిగి దిగుతూ, ఈ అంచునుంచి ఆ అంచు దాకా వేపరెమ్మలు నిలబడ్డాయి. నూలు పల్చన కాబట్టి కోటు మీదికన్నా సన్నగా, నీళ్ళలో అల లేచినట్టున్నాయి. ఆయన తల కొంచెం పక్కకు వంచితే మాయమయ్యాయి. మళ్ళీ ఇటు వంచితే వచ్చాయి.

వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది. భాగ్యలక్ష్మి వంగి అరచేతితో ఆ జానెడు బట్టను ఒక్కసారి నిమిరింది, నిద్రపోతున్న పిల్లను తాకినంత మెల్లగా.

"వాళ్ళకు చూపియ్యాలె గద గిది," అంది.

"ఎవలకు?"

"గా దీవోళ్ళకు. నేసినాయనకు."

వెంకటేశం ఆలోచించాడు. ఆ మనిషి ఉన్నాడో లేడో తెలియదు. పేరు తెలియదు. తెలిసిందల్లా ఆయన ఒకనాడు మగ్గం మీద నుంచి లేచి వెళ్ళి, వచ్చి కూర్చొని, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు దెబ్బ గట్టిగా వేశాడని. తెగిన పోగును ఎట్లా కలుపుతాడో తెలుసు. దూరదేశపు మనిషి గురించి ఇంత తెలుసుకోవడం ఆయనకు అదే మొదలు.

"దీపిక వచ్చినంక అడుగుదాం, ఎట్ల పంపాలెనో," అన్నాడు.

"పంపేతందుకు జానెడు చాలదు. ఇంక నెయ్యి."

ఆయన నాడె చేతికి తీసుకున్నాడు. భాగ్యలక్ష్మి తలుపు మూయకుండా, కండెల గంప దగ్గరికి లాక్కొని, ఆ వెలుతురులోనే కూర్చుంది.