ఇంట్లో అడగని మాఫీ

పొద్దున్నుంచి పుదీనా గిల్లుతానే ఉంది ఖైరున్నీసా. హాల్లో ఆమె మొగుడు ఇనాయతుల్లా వచ్చినోళ్ళందరి చేతులూ పట్టుకుని మాఫ్ అడుగుతా ఉన్నాడు.

హజ్‌కు పొయ్యే మనిషి బయల్దేరే ముందర అట్లా అడగాల. "కహా సునా మాఫ్" అంటారు. అన్నదీ విన్నదీ మాఫ్ చెయ్యండి, మనసులో పెట్టుకోవద్దండి అని. పుంగనూరులో వాళ్ళ వీధంతా తిరిగి అడిగినాడు. మదనపల్లె టమాటా మార్కెట్లో తన మండీ చుట్టుపక్కల మండీలన్నీ తిరిగి అడిగినాడు. మధ్యాన్నం బెంగుళూరుకు బండి. ఈ లోపల బంధువులకూ మసీదు వాళ్ళకూ భోజనం. వంట ఖైరున్నీసాది.

"సాయబు నన్ను కూడా అడిగినాడు ఖైరమ్మా" అనింది పక్కింటి పుష్పమ్మ, తెల్లగడ్డలు వలుస్తా. "మా మేక మీ కరేపాక మేసిందని ఎప్పుడో తిట్టింటాడు కదా, దానికి. నాకు సిగ్గయిపాయ. ఆ మేకను మేం కోసుకుని తిని కూడా యాడాదాయ."

ఖైరున్నీసా నవ్వింది.

"నిన్నేమని అడిగినాడు?"

"నన్ను అడగలేదు."

పుష్పమ్మ వలిచేది ఆపింది. మళ్ళీ మొదలుపెట్టింది.

హాల్లో గట్టిగా మాట్లాడతా ఉన్నాడు రాజేంద్ర. అతనిదీ టమాటా మండీనే. అతనికీ ఇనాయతుల్లాకూ ఎన్నో ఏండ్లుగా మాటల్లేవు. "మా ఇనాయతన్న అంగళ్లులో మా ఇంటిదాకా వచ్చినాడప్పా! పెద్దమండ్యం రైతుల్ని నీ మండీకి రాకుండా తిప్పింది నేనే, తప్పు నాది రాజేంద్రా అని నోరు తెరిచి చెప్పినాడు. ఏడ్చినాడు. నేనూ ఏడిస్తి. పెద్ద మనసప్పా!"

ఖైరున్నీసా చేతులు ఆగిపోయినాయి.

అంటే ఈ మనిషికి తప్పు ఒప్పుకోవడం చేతకాక కాదు. ఇంతవరకూ ఆమె అట్లే అనుకునింది. మగోళ్ళకు నోరు రాదు, లోపల ఉంటాది, మనమే అర్థం చేసుకోవాల అని. పెండ్లయినప్పట్నుంచి ఆమె చేసిన పని అదే. టమాటా రేటు పడిపోయిన దినం ఆయన గేటు వేసే చప్పుడుకే తెలిసిపొయ్యేది. పిల్లల్ని పక్క గదిలోకి పంపి, టీవీ ఆపి, నీళ్ళు చేతికిచ్చి ఎదురుగా నిలబడకుండా తప్పుకునేది. అన్నం తట్ట విసిరితే మెతుకులు ఏరింది. 'మీ కుప్పమోళ్ళకు వండేదెట్లో తెలిస్తే కదా' అని నలుగురి ముందర అంటే కొంగు సర్దుకునింది. తలనొప్పేమో, అలసిపోయినాడేమో, రైతెవడన్నా మీదికొచ్చినాడేమో అని ఆయన తరఫున తనకు తానే జవాబు చెప్పుకునింది. ఆ పనికి ఆదివారం లేదు, పండగ లేదు. ఆయన మనసులో ఏముందో ఆమెకు ఎప్పుడూ తెలుసు. ఆమె మనసులోకి ఈ ఇంట్లో ఎవరూ తొంగి చూడలేదు. చూడాల్సిన అవసరం పడలేదు.

దానికి వీళ్ళు పెట్టిన పేరు సబర్, ఓర్పు. "మా కోడలు సబర్ మనిషి. కొడితే గోడకైనా చప్పుడొస్తాది గానీ దానికి రాదు" అని అత్త జైతూన్ బీ వచ్చినోళ్ళకంతా చెప్తాది. మెచ్చుకుంటా ఉన్నానని ఆమె అనుకుంటాది.

ఖైరున్నీసా వాళ్ళమ్మ కుప్పంలో వీధి పిల్లలకు ఖురాన్ చదివేది నేర్పేది. సబర్ గురించి ఆమె చెప్పింది వేరే. ప్రవక్తగారు తన చెప్పులు తానే కుట్టుకునేవారంట. ఇంటి పనికి తానూ చెయ్యి వేసేవారంట. పెండ్లాంతో మంచిగా ఉండేవాడే మీలో మంచోడు అని చెప్పినారంట. సబర్ ఇద్దరికీ వచ్చిన హుకుం, ఆడోళ్ళకొక్కరికే రాలేదు అనేది అమ్మ. మసీదులో మాట్లాడమంటే ఇనాయతుల్లా కూడా ఇవే చెప్తాడు. బాగా చెప్తాడు. వినేవాళ్ళకు కండ్లలో నీళ్ళు తిరుగుతాయి.

ఆ అమ్మ పోయింది రంజాన్ నెలలో. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసినాడు. "ఆపా, అమ్మ నిన్నే అడుగుతాండాది. బిన్నా వచ్చెయ్."

ఆ దినం మసీదులో రోజా విడిచే వాళ్ళందరికీ గంజి వీళ్ళింటిది. ఇనాయతుల్లా చొక్కా గుండీలు పెట్టుకుంటా అన్నాడు, "ఊరందరికీ మాటిచ్చినా. ఇప్పుడు నువ్వు పోతే గంజి ఎవురు కాస్తారు? రేపు పొద్దున పోదువులే. సబర్ చెయ్."

చేసింది. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కట్టెల పొయ్యి ముందర నిలబడి, నిలువెత్తు గరిటెతో అడుగంటకుండా తిప్పింది. సాయంత్రం అసర్ నమాజు దాకా వాళ్ళమ్మ వాకిలి పక్కకే చూస్తా "ఖైరూన్ వచ్చెనా" అని అడుగుతా ఉండిందంట. ఆ తర్వాత అడగలేదంట. మర్నాడు ఈమె పొయ్యేసరికి అమ్మ మంచం ఎత్తి గోడకు ఆనించి ఉంది. అమ్మను మట్టి చేసి వచ్చేసి ఉన్నారు.

ఈ పొద్దుటి వరకూ ఇనాయతుల్లా ఆ మాట ఎత్తలేదు. పక్కింటోళ్ళ మేక గుర్తుండాది ఆయనకు.

భోజనాలు అయినాయి. బండి వచ్చి వాకిట్లో నిలబడింది. ఎవరో పూలహారం వేసినారు. ఇనాయతుల్లా చెప్పుల్లో కాళ్ళు పెట్టినాడు. మసీదులో నమాజు చదివించే హజ్రత్ అడిగినాడు.

"ఇంట్లో అడిగినావా ఇనాయత్?"

"ఇంట్లోదానిదేముంది హజ్రత్" నవ్వినాడు ఆయన. "దాని సబర్ మీకు తెల్దా?"

"అట్ల కాదప్పా. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫ్ చెయ్యాల. అల్లా కూడా దాన్ని ఆ మనిషికే వదిలి పెట్టినాడు. అడుగు."

ఇనాయతుల్లా చెప్పులు విప్పలేదు. గడప అవతల్నుంచే వంటింటి పరదా పక్కకు తిరిగి కేకేసినాడు. "ఏమే ఖైరూన్, కహా సునా మాఫ్!"

పరదా వెనకాల జైతూన్ బీ మోచేత్తో పొడిచింది. "మాఫ్ అను. బండోడు తొందర పడతాండాడు."

రెండక్షరాల మాట. నోటిదాకా వచ్చింది కూడా. ఎన్ని మింగింది, ఇదొకటి కక్కేస్తే అయిపాయ. అందరూ సంతోషంగా పోతారు. ఆమె అంట్లు తోముకోవచ్చు.

"దేనికి?" అనింది ఖైరున్నీసా.



"దేనికేందే?" అన్నాడు ఇనాయతుల్లా.

"రాజేంద్రన్నకు దేనికో చెప్పి అడిగినారంట కదా. పుష్పమ్మక్కకు మేక సంగతి చెప్పి అడిగినారు. నాకూ దేనికో చెప్పండి."

ఆయన ఆలోచించినాడు. నిజంగానే ఆలోచించినాడు. ఆమెకు అదే ఎక్కువ మండింది. గుర్తుండీ దాచిపెట్టినాడంటే అది వేరే. ఆయనకు వెతికినా దొరకలేదు.

"ఏముంటాదే? కూరలో ఉప్పు తక్కువని ఎప్పుడన్నా ఒక మాట అనింటా."

మగోళ్ళు నవ్వినారు. రాజేంద్ర గట్టిగా నవ్వినాడు.

ఖైరున్నీసా తలమీద కొంగు లాక్కుని పరదా పక్కకు తోసి హాల్లోకి వచ్చింది. అంతమంది మగోళ్ళ నడుమకు ఆమె ఎప్పుడూ రాలేదు.

"మా అమ్మ పానం పోతాండాదని ఫోనొచ్చిన దినం మీరు నన్ను పంపలేదు. గంజి కాయమన్నారు. ఆ గంజి తాగినోళ్ళు ఈ హాల్లో శానామంది ఉండారు. వాళ్ళ తప్పు లేదు, వాళ్ళకు తెల్దు. మీకు తెలుసు."

హజ్రత్ తల వంచుకున్నాడు. పరదా వెనక నుంచి జైతూన్ బీ అంది, "మక్కాకు పొయ్యే మనిషి ముందర ఇప్పుడా ఇవన్నీ? సబర్ చెయ్ అమ్మీ."

"నా వంతు అయిపాయ అత్తా. ఈ పొద్దు ఆయన్ను చెయ్యమను."

బండోడు హారన్ కొట్టినాడు. ఇనాయతుల్లా చెప్పులు విప్పి గడప లోపలికి వచ్చినాడు. గొంతు తగ్గించి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగినాడు. "తప్పే. మాఫ్ చెయ్ ఖైరూన్."

ఇన్నేండ్లలో ఆమెను ఆయన ఏదైనా అడగడం అదే మొదలు. ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఎప్పటిలాగా ఆయన తరఫున జవాబు వెతకాలని మనసు పరిగెత్తింది. భయపడినాడేమో, సిగ్గుపడినాడేమో అని. ఆపుకుంది.

"నాకు చేసినదాన్ని నేను ఎప్పుడో ఒకప్పుడు మాఫ్ చేస్తానేమో" అంది. "వాకిలి పక్కకు చూస్తా పోయింది మా అమ్మ. ఆమెను యాడికి పోయి అడుగుతారు?"