ఆటీన్లు లేవా?

మందమర్రిలో టైర్ల దుకాణం నడిపే వాహెద్‌కు పేకాటలో తన భాగస్వామి రామచంద్రం ఆట మీద ఏనాడూ గురి లేదు. రిటైరైన లెక్చరర్ ఆయన. ఒక్క ముక్క వేయాలంటే చేతిలోవన్నీ రెండుసార్లు సర్దుకుంటాడు. అయినా ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం క్లబ్బులో ఇద్దరూ జోడీగా ఎదురెదురుగా కూర్చుని బ్రిడ్జి ఆడుతూనే ఉన్నారు.

ఆ ఆదివారం డూప్లికేట్ పోటీ. ఒక టేబుల్ మీద పంచిన ముక్కలే మిగతా టేబుళ్లకూ తిరుగుతాయి కనుక, ముక్కలు సరిగ్గా పడలేదని ఎవరూ తప్పించుకోలేరు. దద్దమ్మలెవరో తేలిపోతుందని వాహెద్‌కు ఈ పోటీ అంటే మహా ఇష్టం.

కాసేపటికే అతనికి బ్రహ్మాండమైన ముక్కలు వచ్చాయి. "నాలుగు నో ట్రంప్" అని ఆటకు ముందు జరిగే వేలంలో పాడాడు. నీ దగ్గర ఆసులెన్ని అని భాగస్వామిని అడిగే పాట అది. రామచంద్రం కళ్లద్దాలు సవరించుకుని, చాలాసేపు ఆలోచించి, "పాస్" అన్నాడు. పాట అక్కడే ఆగిపోయింది. తీరా, పాట గెలిచినవాడి జోడీగా ఆయన టేబుల్ మీద పరిచిన ముక్కల్లో రెండు ఆసులున్నాయి! మిగతావాళ్లంతా అవే ముక్కలతో ఇంకా పైకి పాడి గెలిచారు. వీళ్లకు సున్నా.

"అడిగిందేంది, మీరు చెప్పిందేంది సార్?" అన్నాడు వాహెద్.

"మస్తు మీదికి పోయింది గదా భాయ్. గీడికి ఆపుదామంటున్నవనుకున్న."

"గిన్నేండ్లు పిల్లలకు ఏం జెప్పిండ్రో ఏమో!"

పక్క టేబుళ్లవాళ్లు తలలు తిప్పి చూశారు. వాహెద్ మాత్రం ఆపలేదు. ఆట ఆటకూ మధ్య అవే దెప్పులు.

ఆఖరి ఆటకు ఎదుటి జట్టులో అనసూర్య అనే టీచరమ్మ కూర్చుంది. ఆమెకు స్థిరమైన జోడీ లేదు. వాహెద్ ఆడుతున్నాడు, రామచంద్రం ముక్కలు పరిచి చూస్తున్నాడు. అనసూర్య ఆటీను వేసింది. ఆటీను చేతిలో ఉంటే ఆటీనే వేయాలి. వాహెద్ కళావరు పారేశాడు.

"ఆటీన్లు లేవా వాహెద్ భాయ్?" మెల్లగా అడిగాడు రామచంద్రం. అలా అడగడం ఆటలో ఆయన హక్కే.

"మీ పని ముక్కలు పరిచి కూసునుడే సార్. నాకు చెప్పొద్దు."

కొంతసేపటికి డైమండ్ల మధ్య దాక్కున్న ఆటీను ఏడు బయటపడింది. అనసూర్య దాని మీద వేలు పెట్టింది. జరిమానాగా వాహెద్ గెలిచిన పట్టుల్లో ఒకటి ఎదుటివాళ్లకు పోయింది, దాంతో గెలవాల్సిన ఆట పోయింది. చివరి స్థానం వీళ్లదే.

"జర గట్టిగ అడిగితే సూసుకుందును గదా!" అన్నాడు వాహెద్ మెట్లు దిగుతూ.

"వచ్చే ఐతారం సంది అనసూర్య మేడంతోటి ఆడుత భాయ్," అన్నాడు రామచంద్రం. "పోయినేడు సంది అడుగుతనే ఉన్నది."

వాహెద్ పకపకా నవ్వాడు. "ఆసుల సంగతి మీకు తెల్వదని చెప్పిండ్రా?"

"చెప్పిన."

"ఏమన్నది మరి?"

"నేర్పిస్త అన్నది."

తర్వాతి ఆదివారం వాహెద్ జోడీ కోసం క్లబ్బులో అందరినీ అడిగాడు. ఒకరికి నడుం నొప్పి, ఇంకొకరి ఇంటికి బావమరిది వస్తానన్నాడు. చివరికి మార్కులు రాసే పని అతనికి అప్పగించారు. అనసూర్య, రామచంద్రం నాలుగో స్థానంలో వచ్చారు.

"నాలుగేనాయె!" అన్నాడు వాహెద్ పైకే.

ఎవరూ తలెత్తలేదు.