సీ బుక్కులో రెండో పేరు

కారు మా వీధిలోకి మళ్ళగానే గుర్తుపట్టాను. మేము వాడిన రోజుల్లో తెల్లగా ఉండేది, ఇప్పుడు లేత నీలం వేశారు. కాని దాని వెనుక తలుపు ఒక్కసారికి పడదు, రెండోసారి మోచేత్తో తోయాలి. అంజిబాబు దిగి, సగం తెరుచుకున్న ఆ తలుపును సరిగ్గా అలాగే తోశాడు.

అది 1999వ సంవత్సరం, మాఘమాసం. ఉదయం తొమ్మిది కావస్తోంది. మా ఇల్లు మురమళ్ళ దగ్గర, ఎదుర్లంక రేవుకు పోయే రోడ్డు పక్కన. అక్కడ గోదావరి మీద అప్పటికింకా వంతెన లేదు. దగ్గర దారిన కాకినాడ వెళ్ళదలచిన బళ్ళు రేవు దిగుడులో నెమ్మదిగా దిగి, పంటు ఎక్కి, నది దాటి యానాంలో ఒడ్డుకు చేరేవి.

అంజిబాబు అమలాపురంలో పాత కార్ల బ్రోకరు. అతని వెంట దిగినవారు జగన్మోహనరావుగారు, మామిడికుదురులో లెక్కల మేష్టారు. వెనుక సీటులో ఆయన కూతురు యామిని కూర్చుని ఉంది. నిండు నెలలు. ముఖం ఉబ్బి, పాదాలు చెప్పుల్లో పట్టకుండా ఉన్నాయి.

"నమస్కారమండి ఘనపాఠిగారూ" అన్నారు మేష్టారు. "బండి నిన్ననే చేతికొచ్చిందండి. అమ్మాయికి బీపీ ఎక్కువగా ఉంది, ఇవాళే తెచ్చి చేర్పించమని కాకినాడ డాక్టరమ్మగారు కబురెట్టేరు. పూజ కాకుండా రేవు దాటడానికి మనసొప్పలేదండి. పది గంటల పంటు అందుకోవాలి. మీరు పావుగంటలో కానిచ్చేస్తే..."

"ఎవరి దగ్గర కొన్నారు?" అని అడిగాను. జవాబు తెలిసే అడిగాను.

"కాట్రేనికోన బాపిరాజుగారి దగ్గరండి. నాతో కలిపి నలుగురి చేతులు మారినట్టండి. మా తోడల్లుడు మొదట్నుంచీ వద్దంటూనే ఉన్నాడు. ఒకరూ ఇద్దరూ అయితే సరేగాని, ఇంతమంది ఎందుకు వదిలించుకున్నారో కనుక్కున్నావా అన్నాడు. అప్పుడు అంజిబాబు బండి సీ బుక్కు తీసి, కొన్నవాళ్ళ వరసలో రెండో పేరు చూపించేడండి. మీ పేరు! ఇంకేం అడుగుతామండి? బేరం కూడా ఆడలేదు."

"మరేనండి" అన్నాడు అంజిబాబు నవ్వుతూ. "వేదం కూర్చున్న సీటండి అది! అసలు ఇంజనుతో పని లేకుండా నడవాలి."

మేష్టారు కూడా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ బండిని 1997లో ఇదే అంజిబాబు ద్వారా కొన్నాను. పారాయణలకూ యజ్ఞాలకూ దూరాలు తిరగవలసి వచ్చేది, బస్సులలో నా భార్య కామేశ్వరికి నడుము నొప్పి. ఆరు నెలలు బాగానే నడిచింది. ఒకనాడు ఎదుర్లంక రేవులో, పంటు మీదికి దిగే వాలులో, మా డ్రైవరు బ్రేకు మీద కాలు వేస్తే ఆ కాలు నేలను తాకింది. బండి ఆగలేదు. పక్కకు తిరిగి నీళ్ళ వైపు జారింది. పంటు నడిపే సరంగు పరుగున వచ్చి పెద్ద కొయ్యదుంగను చక్రం కిందికి తోశాడు. ముందు చక్రాలు గోదావరిలో తడిసిన తరువాత ఆగింది. కామేశ్వరి నుదురు ముందు సీటుకు కొట్టుకుని చిట్లింది. ఆ మచ్చ మీదనే ఆమె ఇప్పుడు బొట్టు పెట్టుకుంటుంది. మునుపటికన్న బొట్టు పెద్దదైంది.

మురమళ్ళ సెంటరులోని మెకానిక్కు దుర్గారావు బండి కిందికి దూరి, చేతినిండా తుప్పుతో బయటికి వచ్చాడు. "అయ్యగారండి, ఇది తొంభయ్యారు తుపానులో రెండ్రోజులు ఉప్పునీళ్ళలో మునిగిన బండండి. మొదట కొన్నాయన రొయ్యల చెరువులాయన. పగిలిన పైపు మార్చేను. మిగతా బ్రేకు పైపులన్నీ లోపల్నుంచి తుప్పు తినేసి ఉన్నాయండి. మొత్తం తీసి కొత్తవి వెయ్యకుండా మాత్రం రేవు దిగకండి" అన్నాడు.

నేను కొత్తవి వేయించలేదు. మళ్ళీ ఆ బండి ఎక్కే ధైర్యం లేక అమ్మకానికి పెట్టాను. అంజిబాబును పిలిచి దుర్గారావు మాటలు పొల్లుపోకుండా చెప్పి, "కొనేవారికి ఈ సంగతి చెప్పి మరీ అమ్ము" అన్నాను. "ఆయ్, చెప్తానండి" అన్నాడు. ఆ ఒక్క "ఆయ్"ని తలకింద పెట్టుకుని ఏడాదిన్నరగా నిద్రపోతున్నాను. ఆ తరువాత బాపిరాజుగారు వీరేశ్వరస్వామి కోవెలలో రెండుమూడుసార్లు ఎదురుపడ్డారు. పంటలను గురించి మాట్లాడుకున్నాం. బండి ఎలా ఉందని నేను అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు.

మేష్టారు కూతురికి మంచినీళ్ళు ఇస్తుంటే, అంజిబాబును అరుగు పక్కకు పిలిచాను.

"రాజుగారు పైపులు మార్పించారా?"

"అన్నీ చూయించేరండి."

"మార్పించారా అని అడుగుతున్నాను."

"అంత లోపలి సంగతి నాకెలా తెలుస్తుందండి గురువుగారూ? కాకినాడ దాకా నేనే కదండి తోలుకెళ్తున్నాను. నా ప్రాణమంటే నాకు తీపి కాదా?"

ఆ మాట నాకు ఊతకర్రలా దొరికింది. నిజమే కదా, ప్రమాదముంటే ఇతడు స్టీరింగు పట్టుకుంటాడా అనుకున్నాను. బాపిరాజుగారు కలిగినవారు, మార్పించే ఉంటారనీ అనుకున్నాను. కాదని తేలితే, ఇన్నాళ్ళూ ఆయనకు ఎందుకు చెప్పలేదని అడిగేవారికి నా దగ్గర సమాధానం లేదు. గోత్రమూ ప్రవరా చెప్పడానికి ఈ చుట్టుపక్కల పదిహేను ఊళ్ళవారు నన్నే పిలుస్తారు. నేను చెప్పినదాన్ని ఎవరూ మరొకరిని అడిగి నిర్ధారించుకోరు. ఆ నమ్మకం ఈ పావుగంటలో మా వాకిట్లోనే పోతుంది. చెప్పకపోతే, అరగంటలో ఆ అమ్మాయి రేవు దిగుడులో ఉంటుంది.

పూజకు కూర్చున్నాను.

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాను. బానెట్టు మీద పసుపూ కుంకుమా దిద్దాను. పళ్ళెంలో కొబ్బరికాయ, దాని పక్కన తాళంచెవి, సీ బుక్కు. మేష్టారు తలుపు దగ్గర చేతులు జోడించి నిలబడ్డారు. గడియారం వైపు చూసుకుంటూనే ఉన్నారు. సీ బుక్కు గాలికి తెరుచుకుంది. రెండో పేరు నీలిసిరాలో నా పేరే.

ఆచమనం చేసి సంకల్పం మొదలుపెట్టాను. సంవత్సరం, మాసం, తిథి, ఆయన గోత్రం, ఆయన పేరు, అమ్మాయి పేరు. అరవై ఏళ్ళ అభ్యాసం, నోరు దాని దారిన అది నడుస్తుంది. ఈలోగా కామేశ్వరి హారతి పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది. బండిని చూసింది. వెనుక తలుపును చూసింది. కదలకుండా నిలబడిపోయింది.

"కర్పూరం వెలిగించు" అన్నాను మధ్యలో ఆగి.

"అగ్గిపెట్టె తడిసిపోయిందండీ."

ఆమె చేతిలోని అగ్గిపెట్టె పొడిగానే ఉంది. ఆమె నా వైపే చూస్తోంది, చెయ్యి మాత్రం నుదుటి మీదికి పోయింది.

మళ్ళీ అందుకున్నాను. సకుటుంబంగా వీరి క్షేమం కోసం అని చెప్పవలసిన చోటికి వచ్చాను. క్షేమమన్న మాట దగ్గర ఆగిపోయాను. ఒక్కొక్క పదాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి వల్లించగల నోరు అది. ఆ ఒక్క మాటను ముందుకు తోయలేకపోయింది. అక్షతలు పళ్ళెంలో వదిలేశాను.

"మేష్టారూ, అమ్మాయిని ఈ బండిలో రేవు దింపకండి."

"అదేంటండి?"

చెప్పాను. తుపాను, ఉప్పునీళ్ళు, రేవు, కొయ్యదుంగ, దుర్గారావు మాట. దాచుకున్నది ఏడాదిన్నర, చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మేష్టారి ముఖంలో మొదట అర్థం కాని చూపు, తరువాత నెమ్మదిగా ఎరుపు. "బాపిరాజుగారికి చెప్పేరా ఈ సంగతి?"

"చెప్పలేదు. అంజిబాబుకు చెప్పాను. చెప్పి అమ్మమన్నాను."

అంజిబాబు గయ్యిమన్నాడు. "బాగుందండి! తప్పంతా నా నెత్తిన పెట్టేస్తున్నారా? మీరు చెప్పేరండి, కాదన్ను. ఆ రొయ్యల చెరువులాయనా అమ్మేటప్పుడు చెప్పేడండి, కొనేవాళ్ళకి చెప్పి అమ్మమని. మొన్న రాజుగారూ చెప్పేరు, బ్రేకు ఒకోసారి జారుతోంది, చెప్పి అమ్ము అని. అందరూ నాకే చెప్పేరండి! కొనేవాడికి చెప్పినవాడు ఒక్కడూ లేడు. చెబితే బండి అమ్ముడవదని మీకు తెలియదా గురువుగారూ? తెలిసే కదండి నన్ను పెట్టుకున్నారు?"

అతని మాటలలో తీసివేయగలిగినది ఒక్కటి కూడా లేదు.

"బ్రేకు బాగానే ఉందండి" అని అతడు సీటులోకి ఎక్కి పెడలు నొక్కాడు. "చూడండి మేష్టారూ, రాయిలా ఉంది. పెద్దాయన భయపడి ఏదో అంటున్నారు. తొమ్మిదిన్నరైపోయింది, పంటు పోతుందండి."

మేష్టారు ఆ పెడలు వైపు చూశారు, నా వైపు చూశారు. ఆయన చేయి తలుపు పిడి మీదికి వెళ్ళింది. నమ్మరేమో అనిపించింది.

"అలా కాదు అంజిబాబూ. రేవు వాలులో, ముందు నీళ్ళు కనిపిస్తుంటే ఎలా తొక్కుతావో అలా తొక్కు."

అతడు విసురుగా సీటుకు వెనక్కు ఆనుకుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని బలంగా తొక్కాడు. నిలిచింది. రెండోసారి తొక్కాడు. నిలిచింది. నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. మూడోసారి బండి కింద ఎక్కడో టప్పుమని చిన్న శబ్దం వచ్చింది. అంజిబాబు మోకాలు ఒక్కసారిగా ముందుకు పోయింది. పెడలు నేలకు అంటుకుని మళ్ళీ పైకి రాలేదు.

వెనుక చక్రం లోపలి వైపునుంచి బ్రేకు నూనె ధారగా కారి, కింద పెట్టిన నిమ్మకాయ మీద పడసాగింది. నిమ్మకాయ నిగనిగలాడుతూ తడిసిపోయింది.

అంజిబాబు పెడలు మీదినుంచి కాలు తీశాడు.

"నాన్నగారూ, నేను దిగుతానండి" అంది యామిని లోపలినుంచి. కామేశ్వరి పళ్ళెం అక్కడే వదిలి, తలుపు తీసి, ఆమెను భుజం పట్టి దింపింది. తరువాత రోడ్డు మీదికి పోయి రేవు వైపు వెళ్తున్న ఆటోను చెయ్యెత్తి ఆపింది.

"పంటు మీద మనుషులం నిలబడి దాటేద్దాం మేష్టారూ. యానాంలో టాక్సీ దొరుకుతుంది. నేనూ వస్తాను" అంది. ఆయన జవాబు కోసం ఆగకుండా అమ్మాయి పక్కన ఎక్కి కూర్చుంది.

మేష్టారు సంచీలు ఆటోలో పెట్టి, ఒక్క క్షణం నా ఎదుట నిలబడ్డారు. "మీ పేరు చూసి కొన్నానండి" అన్నారు. "తిట్టడానికి కూడా నోరు రావడం లేదు." నమస్కారం పెట్టకుండా ఆటో ఎక్కారు.

ఆటో మలుపు తిరిగింది. అంజిబాబు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు. గ్లాసు కింద పెట్టి మెల్లగా లేచాడు.

"తాళం ఇలా ఇప్పించండి గురువుగారూ. ఎవరినైనా పిలిచి తాడు కట్టి లాక్కుపోతాను. ఆ పగిలిన పైపు ఒక్కటీ మార్పిస్తే సరిపోద్దండి. మేష్టారికి ఏదో సర్దుతాను. రాజోలులో ఒక పార్టీ అడుగుతున్నాడు."

పళ్ళెంలోని తాళంచెవిని నేను గుప్పిట్లోకి తీసుకున్నాను.

"ఇవ్వను."

"మీరు ఇవ్వకపోవడమేంటండి? బండి మీది కాదు కదండి ఇప్పుడు?"

"సీ బుక్కులో నా పేరుందని నువ్వే కదయ్యా ఊరంతా చూపించావు. ఆ పేరుతో ఇది మరొకరి ఇంటికి పోదు. మేష్టారు వచ్చి అడిగితే ఆయన చేతిలో పెడతాను."

"నా పొట్టకొడుతున్నారండి."

"నువ్వు అడిగినదానికి జవాబు చెప్పలేకపోయాను అంజిబాబూ. తాళం ఇవ్వనని మాత్రం చెప్పగలను."

అతడు నా గుప్పిటి వైపు ఒక అడుగు వేశాడు. ఏమనుకున్నాడో ఆగి, కండువా దులుపుకుని రోడ్డు పట్టాడు.

మధ్యాహ్నం మూడింటికి కామేశ్వరి తిరిగి వచ్చింది. పంటు అందిందనీ, యానాంలో టాక్సీ ఎక్కించాననీ చెప్పి, చక్రాల కింది నిమ్మకాయలు నాలుగూ ఏరి కాలువలో వేసింది. నూనెలో తడిసినదాన్ని వేసిన తరువాత చేయి రెండుసార్లు కడుక్కుంది. ఆ సాయంత్రమే ఇద్దరం బస్సెక్కి కాట్రేనికోన వెళ్ళాం. బాపిరాజుగారితో ఏడాదిన్నర కిందట చెప్పవలసినది చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. ఆయన మనవలు ముగ్గురు ఆ బండిలో రోజూ బడికి వెళ్ళేవారట. తిట్టినా బాగుండేది.

ఎనిమిదో రోజు ఉదయం జగన్మోహనరావుగారు బస్సు దిగి మా వాకిట్లోకి వచ్చారు. అరుగు ఎక్కలేదు.

"ఆడపిల్ల అండి. ఇద్దరూ బాగానే ఉన్నారు" అన్నారు.

లోపలికి వెళ్ళి దేవుడి పీట దగ్గరున్న తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. బండి వైపు చూశారు.

"ఆ దుర్గారావు షెడ్డు ఎక్కడండి?" అన్నారు.

ఉత్తరీయం భుజాన వేసుకుని ఆయనకు ముందు నడిచాను.