పచ్చ టిక్కు

నా మొలతాడుకు తాళంచెవితో పాటు ఒక అయస్కాంతం కూడా వేలాడుతుంది. పాడైన స్పీకర్లోంచి పీకింది. పాతసామాను కొట్లో పన్నెండేళ్ళు దాంతోనే బతికాను. ఆనిస్తే అంటుకున్నది మామూలు ఇనుము, గేట్లకూ షెడ్లకూ పోతుంది. అంటుకోనిది స్టెయిన్‌లెస్ స్టీలు. దాన్ని వేరే కుప్ప వెయ్యాలి.

చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో స్టోరు పని దొరికింది కూడా ఆ విద్యతోనే. పైపులు దిగినప్పుడల్లా నేను మొలతాడు బయటికి లాగి పరీక్ష చేస్తుంటే అందరూ నవ్వేవాళ్ళు. నవ్వనీ, నాకున్న కన్ను వాళ్ళకు లేదు కదా అనుకునేవాణ్ణి.

నా బామ్మర్ది హనుమంతును కూడా అక్కడే పెట్టించాను. ఆత్మకూరు దగ్గర గొర్లు కాసేవాడు. మేత బీళ్ళు తగ్గిపోయి మంద అమ్ముకుంటే, "నా దగ్గరికి రా, నేను జూసుకుంట" అని తీసుకొచ్చింది నేనే.

పోయిన ఎండాకాలం ఉప్పూ ఆమ్లమూ కలిసిన వేడి ద్రావణం పారే లైనుకు కొత్త పైపులు దిగాయి. కొత్తగా చేరిన ఇంజనీరు దామోదర్ సార్ ఒక చిన్న సీసా నా చేతిలో పెట్టాడు.

"మైసయ్యా, ఈ లైనుకు 316 రకమే కావాలె. 304 అయితే ఉప్పు తినేస్తది. నీ అయస్కాంతం రెండిటికీ అంటదు. ఒక్కో పైపు మీద గీ మందు చుక్క వేసి చూడు. ఎర్రబడితేనే తీసుకో."

304 నాకు తెలియనిదా? పాల క్యాన్లూ వంటింటి సింకులూ దాంతోనే చేస్తారు. 316లో మాలిబ్డినం అనే లోహం కొంచెం కలుపుతారట, ఉప్పును తట్టుకునేది అందుకేనట. కంటికి మాత్రం రెండూ కవల పిల్లలే.

"సార్, పాతసామాను కొట్ల పన్నెండేండ్లు గిదే పని జేసిన" అన్నాను. ఆయన ఫోను మోగితే వెళ్ళిపోయాడు. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుందని నాకు ఒళ్ళు మండింది. బయట లారీవాడు హారన్ కొడుతున్నాడు. నలభై పైపులకు చుక్క వేసి, ఆగి చూస్తూ కూర్చుంటే సాయంత్రమవుతుంది. అయస్కాంతం ఆనించాను. ఒక్కదానికీ అంటలేదు. అన్నిటి మీదా పచ్చరంగుతో టిక్కు పెట్టి లోపలికి పంపాను. సీసా మూత కూడా తియ్యలేదు.

మూడు నెలలకు ఒక అతుకు దగ్గర సూదిమొనంత బొక్క పడింది. దాని కింద నిలబడి వాల్వు తిప్పుతున్నది హనుమంతు. ద్రావణం సూటిగా వాడి ముఖం మీదికి చిమ్మింది.

కంపెనీవాళ్ళు రెండు రోజుల్లో పైపులన్నీ మార్చేశారు. అతుకులో వాషర్ పోయి కారిందని కాగితం రాసుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. దామోదర్ సార్ ఒక్కడే స్టోరుకు వచ్చి, నా బల్ల మీద సీల్ తీయని సీసాను చూసి, జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

నాలుగు నెలలు దవాఖానలు తిరిగాం. రెండు కళ్ళూ ఇక రావని నిన్న పెద్ద డాక్టరు చెప్పేశాడు. ఇవ్వాళ ఇంటికి తీసుకొచ్చాం. నా భార్య స్వరూప తమ్ముడికి ముద్దలు కలిపి పెడుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"కంపెనీ ఇచ్చిన కండ్లద్దాలు పెట్టుకోలేదని అందరు నన్నే అంటున్రు బావా" అన్నాడు హనుమంతు. "చెమటకు మసక గడ్తుండె. తీసి జేబుల వేసుకున్న. మీదికి జూస్తే పైపు మీద నీ పచ్చ టిక్కు కనబడ్డది. మా బావ చూసిన పైపు, దీనితోని ఏం ఫికర్ అనుకున్న."

స్వరూప కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. "జర నువ్వన్న చెప్పు, వాని తప్పేం లేదని."

చెప్పాల్సిందంతా నాలుక మీదికి వచ్చి ఆగింది. నేను పిరికివాణ్ణి.

"నీ తప్పేం లేదు హనుమంతూ" అన్నాను.

వాడు గాలిలో తడుముకుంటూ నా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"నువ్వు చెప్పినవ్ గద బావా" అన్నాడు. "ఇగ నాకు చాలు."