తల్లి తరిమేసిన పిల్లలు

జూన్ మొదట్లో ఒక పొద్దున, ఏరు సముద్రంలో కలిసేచోట తుంగ మేస్తున్న తల్లి గ్రిజ్లీ ఎలుగు ఉన్నట్టుండి తన పిల్లలిద్దరి మీదికీ దూకింది. నేను పడవలోంచి చూశాను. అవి మూడేళ్లుగా దాని వెంట తిరిగిన పిల్లలు. ఆడది కాస్త దూరం పరిగెత్తి, ఆగి వెనక్కి చూసింది. మగది ఆటనుకుని మళ్లీ తల్లి దగ్గరికే వచ్చింది. ఈసారి తల్లి పంజా విసిరింది. అడివి అంచున ఒక పెద్ద మగ ఎలుగు కాచుకుని ఉంది. తల్లి దానివైపు వెళ్లిపోయింది. పిల్లలు సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాయి.

నా పేరు నోరీన్. మా తెగ తరఫున ఏటికి కాపలా తిరగడం నా పని. అలా తరిమేసిన పిల్లల్లో చాలావాటిని మరుసటి ఏడు చూడం.

పది రోజులకు ఆ రెండూ ఊళ్లోకి వచ్చాయి. ఆర్డిత్ పెద్దమ్మ చేపలు పొగబెట్టే చెక్కగది తలుపు తోసుకుని దూరి, ఆరుతున్న సాల్మన్ ముక్కలన్నీ తినేసి పోయాయి. ఎల్రాయ్ బావ తుపాకీతో వచ్చాడు.

"రుచి మరిగాయి, ఇక వదలవు. రేపు నీ వంటింట్లో కూర్చుని టీ పెట్టమంటాయి, చూడు" అన్నాడు నాతో.

"గడియ పెట్టకుండా పడుకున్నదాన్ని నేను. ఆ తుపాకీ నాకే గురిపెట్టు" అంది పెద్దమ్మ.

"నిన్ను కాల్చేస్తే మాకు చేపలెవరు పెడతారత్తా?"

"అయితే నోరు మూసుకుని సుత్తీ మేకులూ పట్రా. అన్నీ వాళ్లమ్మ నేర్పింది. మన గడప తొక్కకూడదన్నది మాత్రం మనమే నేర్పాలి."

బావ గొణుక్కుంటూనే ఆ గదికి ఇనుపరేకు తలుపు బిగించాడు. ఊరంతా చెత్తడబ్బాలు ఇళ్లల్లో పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే ఆ పిల్లలు కనబడగానే నేను కేకలేస్తూ తరిమేదాన్ని. పెద్దమ్మ వరండాలో నిలబడి మూకుడు వాయించేది. వాటి పక్కటెముకలు తేలి కనిపించేవి. కన్నతల్లి కొట్టి తరిమింది, ఇప్పుడు మేమూ తరుముతున్నామని నాకు అన్నం సయించేది కాదు. జులై వచ్చేసరికి అవి రావడం మానేశాయి.

ఆగస్టులో వాన పడలేదు. ఏరు సన్నబడింది. గుడ్లు పెట్టడానికి ఏరెక్కాల్సిన చేపలు సముద్రంలోనే ఆగిపోయాయి. ఆ రెండూ ఒడ్డున రాళ్లు దొర్లించి పీతపిల్లల్ని ఏరుకు తినడం దూరం నుంచి చూసేదాన్ని. సెప్టెంబరు రెండో వారంలో వాన అందుకుంది. నాలుగు రోజుల్లో ఏరంతా సాల్మనే.

మంచి రేవులన్నీ పెద్ద ఎలుగులు పట్టుకున్నాయి. మగపిల్ల నీళ్లలోకి ధబేలున దూకేది, ఖాళీ నోటితో లేచేది.

"నువ్వు పడవ నేర్చుకున్నప్పుడు అచ్చం ఇంతే" అన్నాడు బావ నవ్వుతూ.

ఆడది అలా దూకలేదు. పెద్దవి పట్టించుకోని ఒక పిల్లకాలవ చూసుకుని, మోకాలిలోతు నీళ్లలో కదలకుండా నిలబడింది. చేప దగ్గరికొచ్చాక పంజాతో అదిమింది. తమ్ముడు పరిగెత్తుకొచ్చి సగం లాక్కున్నాడు. గుర్రుమంది గానీ వదిలేసింది. తర్వాత నాలుగు రోజులకు వాడూ సొంతంగా ఒకటి పట్టాడు. ఎవరూ వెంటపడకపోయినా దాన్ని నోట కరుచుకుని అడివిలోకి ఒకటే పరుగు!

అక్టోబరులో ఒంటరిగా ఎగువకు వెళ్లి, నాచుపట్టిన దుంగల మధ్య జారిపడ్డాను. మడమ దగ్గర ఎముక విరిగింది. వాకీటాకీ నీళ్లపాలైంది. ఎలుగులమీద కొట్టే కారం డబ్బా సంచిలో, చేతికందనంత దూరంలో ఉంది. పొదలు కదిలాయి. వచ్చింది ఆ ఆడదే, వెనకాల తమ్ముడు. ఒంటినిండా చేపల వాసనతో పడి ఉన్నాను.

"పో! ఇక్కణ్ణించి పో!" అని అరిచాను. గొంతు పీలగా వచ్చింది.

అది రెండుకాళ్లమీద లేచి గాలి వాసన చూసింది. నన్ను గుర్తుపట్టిందో, ఆ అరుపునే గుర్తుపట్టిందో! కిందికి దిగి, తమ్ముణ్ణి భుజంతో నెట్టుకుంటూ కాలవ దాటి వెళ్లిపోయింది. అప్పుడు ఏడ్చాను.

పొద్దువాలే ముందు బావ వెతుక్కుంటూ వచ్చి, నన్ను వీపున వేసుకున్నాడు. "ఈ బరువేమిటే! ఏట్లో చేపలన్నీ నువ్వే మింగావా?" అన్నాడు. పడవ దాకా ఎక్కడా దించలేదు.

పెద్దమ్మ నా కాలికింద దిండు పెట్టి, అంతా విన్నది.

"వాటికి నేను చేసిందేముంది పెద్దమ్మా? తరమడమేగా" అన్నాను.

"వాళ్లమ్మ చేసిందీ అదేగా" అంది. మర్నాడు తెల్లవారగానే ఏటికి వెళ్లి, నీళ్లలో చెయ్యి పెట్టి, మా భాషలో ఆ తల్లి ఎలుగుకి కృతజ్ఞత చెప్పుకుని వచ్చింది.

ఏప్రిల్లో, ఇంకా కుంటుతూనే, పడవ తీశాను. ఎడమ ఒడ్డున ఆడది ఒక్కతే దుంపలు తవ్వుకుంటోంది. చలికాలానికి చిక్కింది గానీ గట్టిగానే ఉంది. అంతకుముందే రెండు వంపులు దిగువన బురదలో తమ్ముడి అడుగులు చూశాను, విడిగా, పోయినేడాదికంటే వెడల్పుగా. ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఇంజను ఆపేశాను. ఆడది తలెత్తి చూసి, తొందరేమీ లేకుండా చెట్లలోకి నడిచింది. అది కనుమరుగయ్యేదాకా, బాగుండు తల్లీ, నీ చలవతోనే బతికున్నానని పైకే చెబుతూ కూర్చున్నాను.