చుట్టంగా వచ్చిన పిల్లి

దగ్గరికి జరగండర్రా, ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. మా ఇంటికి చుట్టంగా వచ్చిన పిల్లి సంగతి చెబుతాను. నాకైతే ఇప్పటికీ అయోమయంగానే ఉంది. మీకేమైనా అర్థమవుతుందేమో చూడండి.

పెడనలో మగ్గం నేసే మా తమ్ముడు కోటిలింగం కంటి ఆపరేషన్ చేయించుకుని, కొండపల్లిలో కూతురింటికి వెళ్లాడు. అక్కడ కుక్క ఉంది. అందుకని తన పిల్లిని పటమటలో మా ఫ్లాట్‌లో దింపాడు. దాని పేరు కండె. మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే నూలుకండెలా చిన్నగా ఉండేదని ఆ పేరు. మరదలు పోయాక వాడికి తోడు అదొక్కటే. "అక్కా, జాగ్రత్త" అన్నాడు. బుట్ట నా చేతికిచ్చి వెళ్లాడు.

బుట్ట మూత తియ్యగానే అది బీరువా కిందకి దూరింది. ఇక రాదు, ఏమీ ముట్టదు.

మా ఇంట్లో చుట్టాన్ని ఒంటరిగా వదలం. పక్కన ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి, కొసరి కొసరి పెట్టాలి. పిల్లికీ అదే చేశాం. కోడలు చౌడేశ్వరి నేల మీద బోర్లా పడుకుని "ఇంకొంచెం పాలు తాగు తల్లీ" అని బతిమాలేది. ఆమె లేస్తే నేను. గవర్నర్‌పేటలో మా చీరల కొట్టు నుంచి రాగానే మా అబ్బాయి దుర్గాశంకర్ టార్చి వేసి మరీ "భోంచేశావా?" అని అడిగేవాడు. ఎదురింటి అమలమ్మగారు వేయించిన చేపముక్క తెచ్చింది.

"మొహమాటపడుతోందండీ" అన్నాను ఆవిడతో.

"పిల్లికి మొహమాటమేంటండీ!"

"కొత్త కదండీ, పాపం."

మేం ఎంత పలకరిస్తే అది అంత గోడకి అంటుకుపోయేది. నాకు దిక్కు తోచలేదు. దీనికేమన్నా అయితే తమ్ముడికి ఏం మొహం చూపించను?

ఒక మధ్యాహ్నం అందరూ పెళ్లికి వెళ్లారు. నాకు మోకాళ్ల నొప్పులు. దాన్ని పలకరించే ఓపిక లేక గోడవైపు తిరిగి పడుకున్నాను. కాసేపటికి వెనక గిన్నె నాకుతున్న చప్పుడు! తిరిగి చూద్దామనుకుని, ఎందుకో ఆగిపోయాను.

"ఇక దాన్నెవరూ పలకరించకండి" అని అందరికీ చెప్పాను.

కోడలు నొచ్చుకుంది. "అదేంటత్తయ్యా! ఇంటికొచ్చినదాన్ని చూసీ చూడనట్టుంటామా? బాబాయిగారు వింటే ఏమనుకుంటారు?"

"ఏమోనమ్మా. మర్యాద తగ్గిస్తేనే తింటోంది."

అబ్బ, ఎంత కష్టమో! గిన్నె పెట్టి ఇవతలికి వచ్చెయ్యాలి, అటు చూడకూడదు. దుర్గాశంకర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బీరువా దాటేవాడు. అమలమ్మగారిని గుమ్మంలోంచే పంపేస్తే అలిగింది. చీరల అట్టపెట్టె మూలన పడేస్తే, కండె అందులో దూరి నిద్రపోయింది.

కొన్నాళ్లకి పిల్లిని తీసుకెళ్లడానికి తమ్ముడు నల్లద్దాలతో వచ్చాడు. వస్తూనే పిలవబోయాడు.

"పిలవకురా. ఊరికే కూర్చో."

"నా పిల్లిని నేను పిలవకూడదా?"

మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. మేమంతా అటూ ఇటూ చూస్తున్నాం. చాలాసేపటికి అది పెట్టెలోంచి వచ్చి, వాడి పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. వాడు కదల్లేదు.

"ఏం చేశావే అక్కా? ఇదెప్పుడూ పిలవనిదే రాదు" అన్నాడు మెల్లగా.

"ఏమీ చెయ్యలేదురా."

"ఏమీ చెయ్యకుండా ఎలా?"

"అదే నాకూ తెలియట్లేదు."

ఇన్నేళ్లుగా వచ్చినవాళ్లందరికీ కొసరి కొసరి వడ్డించాను. వాళ్లలో ఎందరికి బీరువా కిందకి దూరాలనిపించిందో! ఇది గుర్తుంచుకోండర్రా. బెదురు పిల్లి ఉన్న ఇల్లు కనిపిస్తే, గిన్నె పెట్టి అటు తిరిగి కూర్చోమని చెప్పండి. ఎందుకని అడిగితే, చెప్పిన ముసల్దానికీ తెలియదని అది కూడా చెప్పండి.