మురికి స్పాంజి

నా భార్య గెర్లిండ్ పెంచిన చేపలను చంపింది ఆమె చెల్లెలు రోస్‌విథా. ఇందులో వాదించడానికేమీ లేదు.

గెర్లిండ్‌ను పాతిపెట్టిన రోజు, చర్చి నుంచి కాఫీకి వచ్చే జనం కోసం రోస్‌విథా ఇల్లంతా కడిగింది. మా ఊరి ఆడవాళ్ళకు దుఃఖం వస్తే కిటికీ అద్దాలు మెరుస్తాయి. చేపల తొట్టి ఫిల్టరులోని స్పాంజి బురదరంగుగా కనిపించిందట. వేడినీళ్ళతో, గిన్నెల సబ్బుతో, కొన్ననాటి నీలిరంగు తేలేదాకా తోమింది.

"ఎంత మురికి పట్టిందో బావా! పాపం, అక్కకు ఓపిక లేకపోయింది," అంది.

గెర్లిండ్ ఆ స్పాంజిని ఎప్పుడూ తొట్టి నీళ్ళలోనే మెల్లగా పిండేది. చేపల మలినాన్ని విరిచే, కంటికి కనబడని ప్రాణులు ఆ మురికిలోనే ఉంటాయి. అవి చస్తే నీళ్ళే విషమవుతాయి.

వారం తిరక్కుండా చేపలు ఒకదాని వెనక ఒకటి తేలాయి. ముసలి మీసాల చేప ఒక్కటే మిగిలింది. గెర్లిండ్ చెయ్యి ముంచితే వచ్చి వేళ్ళ సందున పడుకునేది అదే. రోజూ నీళ్ళు మార్చాను. అయినా గాలి కోసం మాటిమాటికీ పైకి వస్తూనే ఉంది.

రోస్‌విథాకు ఫోన్ చేశాను. "మీ అక్కది ఒక్క ప్రాణం మిగిలింది. అదీ పోతోంది. నీ సబ్బు బాగా పనిచేసింది."

టక్కున ఫోన్ పెట్టేసింది.

మర్నాడు బస్సు దిగి వచ్చింది. ఒంటిమీద చర్చికి వేసుకునే కోటు. చేతిసంచిలోంచి జామ్ సీసా తీసింది. అందులో నల్లటి నీళ్ళు, ఒక స్పాంజి.

"ఏమిటది?"

"చేపలు పెంచేవాళ్ళ క్లబ్బుకు వెళ్ళి చేసిన పని చెప్పాను బావా. అక్కడి పెద్దాయన తన తొట్టిలోది తీసిచ్చాడు. 'ఇంతకంటే మురికిది మా దగ్గర లేదమ్మా' అన్నాడు."

"బస్సులో కంపు కొట్టలేదూ?"

"ఎందుక్కొట్టదు! పక్కనావిడ లేచి వెళ్ళిపోయింది. మీరే పెట్టండి, నాకు భయం."

"కడిగింది నువ్వు. నువ్వే పెట్టు."

కోటు చేతులు పైకి మడిచి, స్పాంజిని ఫిల్టరులో పెట్టింది. మోచేతిదాకా నల్లనీళ్ళు కారాయి. మరక చూస్తే నిలవలేని మనిషి, తుడుచుకోలేదు. రెండో చెయ్యి తొట్టిలో ముంచి నిలబడింది. అక్కచెల్లెళ్ళవి ఒకే రకం వేళ్ళు. చాలాసేపటికి మీసాల చేప వచ్చి, మీసాలతో తడిమి, ఆ వేళ్ళ సందున చేరింది.

"నన్ను క్షమించారా బావా?" అంది, కదలకుండా.

"కాఫీ పెడతాను," అన్నాను.

చేప బతికింది. ఇప్పుడు స్పాంజి పిండేది రోస్‌విథాయే, తొట్టి నీళ్ళలోనే. క్షమించానో లేదో ఎవరూ అడగొద్దు. ఆ సబ్బు మాట నేను మళ్ళీ ఎత్తను.